మేజర్ గారూ, మా బండి కమాన్లూ

మేజర్ గారు పోయారన్న కబురు వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు ఓపీలో ఉన్నాను. బయట బల్లల నిండా జనం.

"డాక్టర్ ఆంటీ, డాడీ నహీ రహే," అంది. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట.

"అమ్మ దగ్గర ఎవరున్నారమ్మా?" అని తెలుగులో అడిగాను.

"మై హూఁ న. ఆప్ ఆయేంగీ?" నేనున్నానుగా, మీరొస్తారా అని హిందీలో జవాబిచ్చింది. ఆ పిల్ల పెరిగిందంతా కంటోన్మెంట్లలో. తెలుగు మొత్తం అర్థమవుతుంది, నోటికి మాత్రం హిందీయే వస్తుంది. ఆ విషయం కూడా మేజర్ గారు ఒకప్పుడు తూచి చూశారు. "పిల్లకు తెలుగు రాకుంటే నష్టం నాకు. హిందీ రాకుంటే నష్టం పిల్లకు. నాదే పోనీలే," అని తేల్చేశారు. తేల్చాక దాని గురించి మళ్ళీ మాట్లాడగా నేను వినలేదు.

దేన్నయినా తూచడం ఆయన స్వభావం. మాట్లాడేటప్పుడు రెండు అరచేతులూ పైకి తిప్పి ముందుకు చాపేవారు. ఒక చెయ్యి లాభం, ఒక చెయ్యి నష్టం. మాట సాగేకొద్దీ ఒకటి లేచేది, ఒకటి దిగేది. ఎదుటివాళ్ళు ఆయన ముఖం చూడ్డం మానేసి చేతుల్ని చూస్తూ కూర్చునేవారు. ఒకసారి కరోల్ బాగ్‌లో గొడుగు కొనడానికి ఆయనా, పిన్నిగారూ, నేనూ కలిసి వెళ్ళాం. ఆయన భార్యను నేను పిన్నిగారనే పిలిచేదాన్ని. కర్ర పిడి గొడుగా, ప్లాస్టిక్ పిడి గొడుగా అన్న దగ్గర చేతులు చాపి నిలబడిపోయారు. దుకాణదారు కాసేపు ఓపిక పట్టి, "సాబ్, పహలే బారిష్ తో ఆనే దో," అన్నాడు. ముందు వాన రానివ్వండి అని. పిన్నిగారు నా చెవిలో, "నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇట్లే తూచింటాడు. ఏ చెయ్యి బరువైందో ఇంతవరకూ చెప్పలే," అన్నారు.

వాళ్ళది అనంతపురం వైపు. మాది గుంటూరు. సైన్యంలో మోటారు బండ్ల విభాగంలో పనిచేసి రిటైరై, ఊరికి వెళ్ళకుండా ఢిల్లీలోనే నారాయణా విహార్‌లో స్థిరపడ్డారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎవరింటికి వెళ్ళినా సోఫాలో కూర్చునేవారు కాదు. తలుపు దగ్గర చెక్క స్టూలు ఉంటే దాని మీద, లేకపోతే నిలబడే.

నేను పనిచేసే ధర్మాసుపత్రి మెహ్రౌలీ దాటాక ఉండేది. డెబ్భైల చివర్లో ఆ ఆసుపత్రి కమిటీలో ఆయన్ని సభ్యుడిగా వేసుకున్నారు. జీతం లేదు. ఆయన బాధ్యతల్లా ఒకే ఒక్క బండి. సైన్యం వాడి వదిలేసిన ట్రక్కును వేలంలో కొని, వెనక పెట్టెలాగా గది కట్టించి, దాన్ని తిరిగే దవాఖానా చేశారు. మంగళవారం, శనివారం ఆ బండిలో మందులు వేసుకుని గుర్‌గావ్ మీదుగా సోహ్నా దాటి, కొండల కింద పల్లెలకు వెళ్ళేవాళ్ళం. సోహ్నా దాటాక కాసేపటికి తారు రోడ్డు వదిలెయ్యాలి. అక్కణ్ణుంచి రాళ్ళు, ఎండిన వాగులు, ఇసుక. ముందు డ్రైవర్ రామ్‌ఫల్. వెనక గదిలో నేను, కాంపౌండరు, మందుల పెట్టెలు, గోడకు బిగించిన ఒక రోగి మంచం.

ఒక చలికాలం రాతి క్వారీలో తొడ ఎముక విరిగిన కూలీ ఒకతన్ని ఆ మంచం మీద పడుకోబెట్టి తీసుకొచ్చాం. కట్టు గట్టిగానే కట్టాను. అయినా ప్రతి గుంట దగ్గరా అతను అరిచిన అరుపులు ఇప్పటికీ చెప్పలేను. ఆసుపత్రికి చేరేసరికి విరిగిన కొసలు ఉండాల్సిన చోట లేవు. ఆ నెల కమిటీలో నేను లేచి, బండి కమాన్లు మార్చకపోతే ఇక రోగుల్ని ఎక్కించుకోనని చెప్పాను. కమాన్లంటే చక్రాల మీద బండి బరువును మోసే ఆ ఉక్కు పట్టీల కట్టలు.

అందరూ మేజర్ గారి వైపు చూశారు. అరచేతులు అప్పటికే బయటికొచ్చాయి.

"తూచి చెప్తా," అన్నారు.

ఆ తూచడం చలికాలం పొడుగునా సాగింది. ముందు నాకు పాఠం చెప్పారు.

"డాక్టరమ్మా, ఈ బండి ఎందుకిట్ల ఎగరేస్తాందో తెల్సునా? బరువు చాలక. మూడు టన్నులు మోసేదానికి పుట్టింది ఇది. నువ్వు, నీ మందులు, ఒక మంచం దీనికొక లెక్కా? ఎద్దు మీద దోమ వాలినట్లు. కమాన్లు వంగితే గదా కుదుపు మింగేది? ఇవి వంగవు. అంతా నీ నడుముకే ఇస్తాయి."

"మరైతే బరువు పెడదామా?"

పెట్టారు. ఇసుక బస్తాలు పరిపించారు. నిజంగానే కుదుపు తగ్గింది. కానీ మూడోసారి వెళ్ళినప్పుడు వాగు ఇసుకలో చక్రాలు దిగబడి, ఊళ్ళో వాళ్ళు ఒంటెను తెచ్చి కడితే తప్ప బయటపడలేదు. బస్తాలు తీసేశారు. తర్వాత కట్టలోంచి రెండు పట్టీలు ఊడదీయించారు. బండి మెత్తబడింది గానీ మలుపు తిరిగినప్పుడల్లా గేదెలా పక్కకు ఒరిగేది. మందు సీసాలు పగిలాయి. నాకూ భయం వేసింది. పట్టీలు మళ్ళీ ఎక్కించారు.

ప్రతి మార్పుకూ ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. బయల్దేరేటప్పుడు ఇత్తడి గిన్నెలో గోరువెచ్చని పాలు పోసి, తోడు వేసి, గుడ్డ కట్టి మంచం కింద పెట్టించేవారు. సాయంత్రం బండి వచ్చేసరికి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉండేవారు. గుడ్డ విప్పి చూసి, "తోడుకోలే. ఇది మనుషులు ఎక్కే బండి కాదు," అనేవారు. రామ్‌ఫల్ ఆ గిన్నె అందుకుని ఉప్పు వేసుకుని తాగేసేవాడు. "లస్సీ తో బన్ గయీ సాబ్!" అనేవాడు, లస్సీ అయితే అయిందిగా అని. వాడిది ఝజ్జర్ వైపు. పెద్ద మనిషి, పెద్ద మీసం. ఏ మాటయినా నవ్వుతూనే అనేవాడు.

చివరికి మిగిలింది ఒకటే దారి. మన బరువుకు తగ్గట్టు పొడుగాటి మెత్తని కమాన్లు కొత్తగా చేయించి, నాలుగు చక్రాలకూ షాక్ అబ్జార్బర్లు వేయించడం. కశ్మీరీ గేట్ దగ్గర చేస్తామన్నారు. ఖర్చు చాలా ఎక్కువ. అంత డబ్బుంటే పల్లెలకు వారంలో మూడో రోజు కూడా వెళ్ళొచ్చని కమిటీ చైర్మన్ అన్నారు. రెంటిలో ఏదో ఒకటే కుదురుతుంది.

అప్పుడు మేజర్ గారు అన్న మాట నాకు బాగా గుర్తు. "లాభమూ నష్టమూ ఒకడివే అయితే తూచే పని మనకు లేదు, వాణ్ణే అడిగితే సరి. లాభం ఒకడిది, నష్టం ఇంకొకడిది అయినప్పుడే జాగ్రత్తగా ఉండాల." రోగుల్నే అడుగుతానని ఒక శనివారం మా బండెక్కారు. పడుకున్న రోగికి ఎలా ఉంటుందో తెలియాలని దారంతా ఆ మంచం మీదే పడుకుని వచ్చారు. దిగాక టోపీ సర్దుకుని, "నువ్వు చెప్పింది నిజమే," అని మాత్రం అన్నారు.

పల్లెలో వరసలో కూర్చున్న ప్రతి ఒక్కరినీ అడిగారు. బండి మెత్తగా రావాలా, ఇంకో రోజు రావాలా? క్షయ ఇంజెక్షన్లకు వచ్చే రహమతీ అనే ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఝట్కే తో బైల్‌గాడీ మే భీ లగే హై," అంది. కుదుపులు ఎద్దుబండిలో మాత్రం ఉండవా అని. "బస్, గాడీ ఆయా కరే."

అందరిదీ అదే మాట. బండి రావాలి, అంతే. మేజర్ గారు కమిటీకి వచ్చి అదే చెప్పారు. నేనూ ఒప్పుకున్నాను. కమాన్ల సంగతి పక్కన పెట్టి గురువారం కూడా వెళ్ళడం మొదలుపెట్టాం. మంచం మీద మందమైన దూది పరుపు వేయించారు. జనం పెరిగారు. అంతా బాగానే ఉందనుకున్నాం.

వానాకాలం ముగిసే రోజుల్లో ఒక గురువారం పల్లె చేరాక, బండి ఆగింది గానీ ముందు తలుపు తెరుచుకోలేదు. నేను దిగి వెళ్ళి చూశాను. రామ్‌ఫల్ స్టీరింగ్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు.

"క్యా హువా, రామ్‌ఫల్?"

"డాక్టర్నీ జీ, టాంగ్ నహీ ఉఠ్ రహీ."

కాలు లేవడం లేదు. కాంపౌండరూ, ఊరి మగవాళ్ళూ కలిసి దింపారు. వెనక మంచం మీద పడుకోబెట్టి చొక్కా పైకి తీస్తే నడుం చుట్టూ ఆడవాళ్ళ ఓణీ ఒకటి బిగించి కట్టి ఉంది. ఒరుసుకుని చర్మం నల్లబడింది. ఎప్పట్నుంచి అని అడిగితే చెప్పలేదు. భార్య ఓణీ అని మాత్రం చెప్పాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ జరిగి నరాన్ని నొక్కుతోంది. కబురు పంపి వేరే బండి తెప్పించి, అందులో అతన్ని ఢిల్లీకి తీసుకొచ్చాం.

మర్నాడు మేజర్ గారు వార్డుకు వచ్చారు. కాలికి బరువులు వేలాడదీసి రామ్‌ఫల్‌ను కదలకుండా పడుకోబెట్టాం. మేజర్ గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"బతాయా క్యోఁ నహీ?" అని అడిగారు. ఎందుకు చెప్పలేదూ అని.

"నౌకరీ కా డర్ థా, సాబ్." ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. తర్వాత నిష్ఠూరమేమీ లేకుండా, "ఔర్ ఆప్‌నే పూఛా భీ నహీ," అన్నాడు. మీరు అడగనూ లేదు.

మేజర్ గారి చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. పైకి లేవలేదు. వాడి దుప్పటి ఒక మూల సర్ది వెళ్ళిపోయారు.

ఆ నెల కమిటీలో ఆయన నిలబడి మాట్లాడారు. "బండి ఎక్కేవాళ్ళందర్నీ అడిగినా. బండి దిగని వాణ్ణి అడగలేదు. ఈ తప్పు నాది," అని, తన స్థానానికి రాజీనామా ఇచ్చి, దాంట్లో రామ్‌ఫల్‌ను కూర్చోబెట్టమన్నారు. డ్రైవరు కమిటీలో కూర్చోవడం ఏ రూలులో ఉందని చైర్మన్ అడిగారు. కూర్చోకూడదని ఏ రూలులో ఉందని ఈయన అడిగారు. చైర్మన్ రూల్స్ పుస్తకం తెప్పించారు. రెండూ అందులో లేవు. కూర్చోబెట్టడానికే ఒప్పుకున్నారు.

రామ్‌ఫల్ లేచి తిరిగేదాకా బండి ఎవరు తోలాలి? వారానికి మూడు రోజులు వచ్చి తోలడానికి మనిషి దొరకలేదు. మేజర్ గారే తోలారు. అప్పటికి ఆయనకు అరవై దాటింది. పిన్నిగారు మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన తోలడం చూసి తీరాలి. తారు రోడ్డు వదలగానే బండి నడకలోకి వచ్చేది. పెద్ద గుంట కనిపిస్తే ఆపి, దిగి, చుట్టూ తిరిగి చూసి, మళ్ళీ ఎక్కి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు దాటించేవారు. మేకల మంద మమ్మల్ని దాటి ముందుకు వెళ్ళిపోయింది ఒకసారి. లోపల సీసా కదిలేది కాదు. కానీ పొద్దున్న చేరాల్సిన పల్లెకు మిట్టమధ్యాహ్నానికి చేరేవాళ్ళం. అక్కడ నీడంటే తుమ్మ చెట్ల నీడే. జనం ఆ ఎండలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేవారు.

"కాస్త తొందరగా పోనిస్తే..." అన్నాను ఒకరోజు ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని.

"తెల్సమ్మా. తొందరగా పోతే గుంట నాకు కనపడేది దాంట్లో పడినాకనే. నా కండ్లు అంతే," అన్నారు. కళ్ళు దారి మీంచి తియ్యలేదు.

రామ్‌ఫల్ చేతికర్రతో నడవడం మొదలుపెట్టాక మొదటిసారి కమిటీకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, నూనె రాసిన మీసం. కుర్చీ అంచు మీద కూర్చుని ఇచ్చిన చాయ్ తాగకుండా ముందు పెట్టుకున్నాడు. సభ్యుడు కాకపోయినా, బండి సంగతి కాబట్టి పిలిస్తే వచ్చిన మేజర్ గారు గోడ దగ్గర స్టూలు మీద. గురువారం తిరగడం మానేసి, ఆ డబ్బుతో నాలుగు చక్రాలకూ కొత్త కమాన్లు వేయించాలని ఆయన సిఫారసు చేశారు. చైర్మన్ ఒప్పుకున్నారు. నేను ఒప్పుకున్నాను. చివరికి రామ్‌ఫల్ వంతు వచ్చింది.

వాడు గొంతు సవరించుకుని, "నహీ జీ," అన్నాడు.

మేజర్ గారు, "క్యా నహీ?" అన్నారు.

"గురువారం తియ్యొద్దు," అన్నది వాడి హిందీ మాటల సారాంశం. "రామ్‌ఫల్ నడుం కోసం మా రోజు పోయిందని ఊళ్ళో వాళ్ళంటారు. నేను వాళ్ళ మొహాలు చూడాలి కదా. కమాన్లు వద్దు. నాకు నయమైపోతుంది."

నయం కాదని నాకు తెలుసు. వాడికీ తెలుసు.

మేజర్ గారు గొంతెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. స్టూలు మీంచి లేచి తెలుగులో అరిచారు. "నీ నడుముకు నువ్వే శత్రువైతివి గదరా! నిన్ను ఇక్కడ కూర్చోబెట్టింది దీనికేనా? నా మాట కాదనేదానికా?"

చైర్మన్ నా వైపు వంగి ఏమన్నారని అడిగారు. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. రామ్‌ఫల్ మొదట బిత్తరపోయి, తర్వాత తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. "సాబ్‌నే హీ బిఠాయా హై," అన్నాడు. కూర్చోబెట్టింది ఆయనే కదా.

మేజర్ గారు వరండాలోకి వెళ్ళిపోయారు. కిటికీలోంచి కనిపిస్తున్నారు. గోడవైపు తిరిగి ఒంటరిగా రెండు చేతులూ చాపి, ఒకటి ఎత్తి, ఒకటి దించి, మళ్ళీ మార్చి. రామ్‌ఫల్ ముందున్న చాయ్ చల్లారిపోయింది. లోపలికి వచ్చి నిలబడే చెప్పారు.

"ముందు చక్రాలకు మాత్రం కొత్త కమాన్లు, షాకులు వేయిద్దాం. డ్రైవర్ కూర్చునేది వాటి మీదనే. సగం ఖర్చు. వెనకవి పాతవే ఉండనీ, పరుపుంది. గురువారం ఉంటుంది. కానీ గురువారం రామ్‌ఫల్ తోలడు. నేను తోల్తా."

"ఎన్నాళ్ళు?" అన్నారు చైర్మన్.

"కండ్లు కనపడినన్నాళ్ళు."

రామ్‌ఫల్ ఏదో అనబోయాడు. మేజర్ గారు వేలు చూపించారు. వాడు చాయ్ గ్లాసు ఎత్తుకున్నాడు.

ముందు కమాన్లు వచ్చాయి. బండి ముక్కు మెత్తబడింది, తోక పాత గట్టిదనంతోనే ఎగిరేది. రామ్‌ఫల్ నడుం పూర్తిగా బాగుపడలేదు గానీ ఓణీ కట్టుకోవడం మానేశాడు. కుదుపు తగ్గేసరికి యాక్సిలరేటర్ మీద కాలు బరువైంది. మొదటి ఏడే వాగులోకి వేగంగా దించి వెనక కమాన్ కట్టను పట్టి ఉంచే బోల్టు తెంపాడు. మెత్తని కమాన్లు ఇస్తే ఇలాగే తోలతాడని మేజర్ గారు ముందే అన్నారు. బోల్టు తెగినప్పుడు మాత్రం ఆ మాట ఎత్తలేదు. కొత్త బోల్టు తనే సంచిలో వేసుకుని సోహ్నా దాకా బస్సులో వచ్చారు.

అలా ఎనభైల్లో సగం దాకా ప్రతి గురువారం ఆయనే తోలారు. ఎండల్లోనూ, పొగమంచులోనూ. పిన్నిగారు చపాతీలు, నిమ్మకాయ ఊరగాయ కట్టి ఇచ్చేవారు. దాంతోపాటు ఒకసారి, "ఇంత నిదానంగా పోయేదానికి బండెందుకు, నడిచిపోరాదా?" అన్న మాట కూడా కట్టి ఇచ్చారు. పల్లెలో ఆయన బండి దిగేవారు కాదు. స్టీరింగ్ ముందే కూర్చుని కునుకు తీసేవారు. మంచం మీద పడుకుని వచ్చి అందర్నీ ప్రశ్నలడిగిన టోపీ సాబూ, ఖాకీ చొక్కాతో తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న ఈ ముసలి డ్రైవరూ ఒకరేనని అక్కడ ఎవరికీ తట్టలేదు. వాళ్ళు ఆయన్ని ధీరేవాలా అనేవారు. మెల్లగా వచ్చేవాడని. ఆ పేరు నేను చెబితే ఆయన సరిదిద్దమని అనలేదు.

ఒక చలికాలం, ఎదురుగా వస్తున్న ఒంటె బండి దగ్గరికి వచ్చేదాకా ఆయనకు కనపడలేదు. ఏమీ కాలేదు. ఆ సాయంత్రం తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. అప్పటికి ఆసుపత్రి కొంచెం నిలదొక్కుకుంది. రెండో డ్రైవర్‌ను పెట్టుకున్నాం. వెనక కమాన్లు కూడా మార్చాం. ఆ తర్వాత ఆయన బండి దగ్గరికి ఎక్కువగా రాలేదు.

ఆయన దహనమైన తర్వాత వచ్చిన గురువారం రామ్‌ఫల్ తనే తోలతానన్నాడు. పల్లెలో వరసలో రహమతీ కూర్చుని ఉంది. ఆవిడ జబ్బు ఎప్పుడో నయమైంది, ఇప్పుడు మనవరాలి కోసం వస్తోంది. చెప్పాలనిపించి, గురువారాలు వచ్చే ఆ ముసలి డ్రైవర్ పోయాడని చెప్పాను.

ఆవిడ చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు ఆ మాట అందించింది. అందరూ చేతులెత్తి ఏదో దువా చదివారు. తర్వాత రహమతీ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించి వాళ్ళ మేవాతీ యాసలో అడిగింది. నేను అర్థం చేసుకున్నది ఇది.

"నిజం చెప్పు బీబీ. ఆ మధ్య వాణ్ణి పనిలోంచి తీసేశారు కదా? మెల్లగా తోలతాడనే కదా? మేం ఎండలో కూర్చున్నాం గానీ ఒక్కరోజైనా ఆసుపత్రి వాళ్ళకు చెప్పలేదు. ముసలాడు, ఈ వయసులో డ్రైవరు పని చేస్తున్నాడంటే ఇంట్లో ఎంత కష్టముందో అనుకున్నాం. పిల్లలకు కూడా చెప్పాం, ఎవరైనా అడిగితే బండి పొద్దున్నే వచ్చిందనమని. మరి మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాను. "ఆయనే మానేశారు."

ఆవిడ నమ్మలేదు.